10×12 గదిలో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్: ఆరో ఆదివారం

నాన్నమ్మ ఫొటో మొత్తానికి కుదిరింది. ఆరు ఆదివారాలు పట్టింది, అందులో నాలుగు ఒక్క గోడతోనే సరిపోయాయి. ఇంట్లో చిన్న గదిలో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటోలు తీయాలని ప్రయత్నిస్తున్నవాళ్లకు పనికొస్తుందని కొలతలతో సహా రాసి పెడుతున్నా.

గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. అద్దె ఇల్లు, గోడలకు క్రీమ్ రంగు. కెమెరా నికాన్ డీ5600, 50 ఎంఎం లెన్సు, మూడు గోడాక్స్ టీటీ600 ఫ్లాష్‌లు, కెమెరా నుంచి వాటిని ఒకేసారి వెలిగించే ఒక ట్రిగ్గర్, ఫ్లాష్ వెలుగును మెత్తగా పరిచే తెల్ల గుడ్డ పెట్టె, అంటే ఒక సాఫ్ట్‌బాక్స్. అంతే.

మొదటి వారం సాఫ్ట్‌బాక్స్ ఒక్కటే పెట్టాను. గోడ ఎటూ లేత రంగే కదా, అదే తెల్లగా వస్తుందనుకున్నా. వర్షం పడేముందు ఆకాశంలా వచ్చింది. లెక్క చూస్తే అర్థమైంది. లైటు ముఖానికి 3 అడుగుల్లో ఉంది, గోడకు 8 అడుగుల్లో ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి గోడకు అందేది ముఖం మీద పడేదాంట్లో దాదాపు ఏడో వంతే, అంటే మూడు స్టాపులకు కాస్త తక్కువ తేడా (వెలుగు సగానికి తగ్గితే ఒక స్టాపు). ఎంత తెల్లటి గోడైనా బూడిద రంగులోకి పోవాల్సిందే.

రెండో వారం మిగిలిన రెండు ఫ్లాష్‌లూ గోడకు చెరో పక్కన పెట్టి 1/2 పవర్‌లో, అంటే సగం బలంతో కొట్టాను. గోడ పాలలా తెల్లబడింది, కానీ నాన్న ముఖం పాడైంది. చెవుల అంచులు కరిగిపోయినట్టు, నల్లటి జుట్టు గోధుమ రంగులో, ఫొటో అంతా మంచు కమ్మినట్టు. ఆయన్ని గోడకు రెండున్నర అడుగుల దూరంలో కూర్చోబెట్టడమే కారణం. అంత వెలుగు పడ్డ గోడ ఇంకో పెద్ద సాఫ్ట్‌బాక్స్ కింద లెక్క, వెనక నుంచి మనిషిని చుట్టేస్తుంది, నేరుగా లెన్సులోకి కూడా కొడుతుంది. చిన్న గదిలో గోడను వెలిగించడం సులువే, ఆ వెలుగు మళ్లీ మనిషి మీదికి రాకుండా ఆపడంలోనే పనంతా ఉంది.

అప్పటి నుంచి ఈ వరసలోనే చేస్తున్నా. ముందు ఫ్లాష్‌లన్నీ ఆపేసి ఒక ఫొటో: సెన్సర్ సున్నితత్వం ఐఎస్‌ఓ 100, లెన్సు రంధ్రం ఎఫ్/8, షట్టర్ 1/160 సెకను. పూర్తిగా నల్లగా రావాలి, అప్పుడే ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు ఇందులో కలవడం లేదని తెలుస్తుంది. తర్వాత గోడ ఫ్లాష్‌లు రెండే వేసి, మనిషిని కూర్చోబెట్టి తీయాలి. గోడ తెల్లగా, మనిషి నల్లటి నీడబొమ్మలా రావాలి. ఆ ఫొటోను జూమ్ చేసి చెవి అంచు, బుగ్గ అంచు చూడండి. అక్కడ సన్నటి తెల్ల గీత మెరుస్తుంటే పవర్ ఎక్కువైనట్టు, లేదా మనిషి గోడకు దగ్గరగా ఉన్నట్టు. ఇది కుదిరాకే ముఖానికి వేసే మెయిన్ లైటు, అంటే సాఫ్ట్‌బాక్స్ వెలిగిస్తాను.

పవర్ ఎంతన్నది కెమెరాలో హైలైట్ల హెచ్చరిక (పూర్తి తెలుపైపోయిన చోట్లను స్క్రీన్ మీద మినుకుమనిపించేది) పెట్టుకుని చూస్తున్నా. గోడ మొత్తం మినుకుమినుకుమనడం మొదలైన చోటే ఆగిపోవాలి. నా గదిలో అది 1/8 దగ్గర జరిగింది, అంటే 1/2 అన్నది రెండు స్టాపులు అనవసరం. క్రీమ్ గోడతో ఇంకో చిక్కు, కెమెరా పట్టే మూడు రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ ముందే నిండిపోతాయి, నీలం వెనకబడుతుంది, మూలల్లో పసుపు చారలు మిగులుతాయి. అందుకే మెరుపు లేని తెల్ల కాగితం రోల్ తెచ్చి పరదా కడ్డీకి వేలాడదీశా. ఫ్లాష్ ఒక్కొక్కటీ తనకు దూరంగా ఉన్న అంచు వైపు తిరిగి ఉండాలి, ఎడమది కుడి అంచుకు, కుడిది ఎడమకు. దగ్గరి అంచుకే గురిపెడితే రెండు పక్కలా మచ్చలు, మధ్యలో మసక.

ఫ్లాష్‌కీ మనిషికీ మధ్య అడ్డంగా నల్లటి థర్మకోల్ షీట్లు నిలబెట్టా. వాటికి స్ప్రే పెయింట్ మాత్రం వేయకండి, అందులోని ద్రావకం థర్మకోల్‌ను తినేస్తుంది. నా మొదటి షీటు చూస్తుండగానే గుంటలు పడి జల్లెడలా అయింది. ఇప్పుడు నల్ల చార్ట్ ఫెవికాల్‌తో అంటించి వాడుతున్నా. మూడో వారమంతా బుగ్గ మీద ఒక వింత వెలుగు మచ్చ వేధించింది, ఎక్కడి నుంచా అని వెతికితే బీరువా అద్దం! దాని మీద నల్ల దుప్పటి కప్పాక పోయింది.

చివరికి కొలతలు ఇవి: గోడ నుంచి మనిషికి 5 అడుగులు, మనిషి నుంచి కెమెరాకు 7, అంటే నేను గుమ్మంలో, ఒక్కోసారి హాల్లో నిలబడి తీస్తున్నా. మనిషి చోటు తెలియడానికి నేల మీద టేపు అంటించా.

ఇక నాన్నమ్మ. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుని తీసి చూపిస్తే, స్క్రీన్ దగ్గరికి లాక్కుని చూసి, "ఏరా, నా జుట్టేదిరా?" అంది. నిజమే. నల్ల జుట్టుకు సరిపోయిన గోడ ముగ్గుబుట్టలాంటి తలను మింగేసింది. గోడ ఫ్లాష్‌లు రెండూ 1/16కు దించా. గోడ మినుకుమనడం ఆగింది, ఫొటోలు సరిదిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే 255 (పూర్తి తెలుపు) కాకుండా 240 దగ్గర ఉంది. చూసేవాళ్లకు తెలుపే, కానీ జుట్టుకు అంచు దొరికింది. థర్మకోల్ షీట్లను కూడా ఫ్రేములో పడనంత వరకూ భుజాల దగ్గరికి జరిపా. చెవి వెనక ముడిలోంచి జారిన రెండు పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయి. 8×12 సైజులో ప్రింటుకు ఇచ్చా.

వచ్చే ఆదివారం అక్క కొడుకు వస్తున్నాడు, వాడికి మూడేళ్లు. టేపు మీద నిలబడే రకం కాదు కాబట్టి గోడ నుంచి 4 అడుగులు, 5, 6 అడుగుల దగ్గర ముందే ఒక్కో నీడబొమ్మ తీసి, ఎక్కడివరకూ పరిగెత్తినా అంచు చెడకుండా ఉంటుందో చూసి పెట్టుకోవాలి.