ఎరువుల కొట్టు పద్దులు, ఐఐటీ మద్రాసు పాఠాలు

డేటా సైన్స్ (గణాంకాలు, కంప్యూటర్ ప్రోగ్రాముల సాయంతో సమాచారాన్ని విశ్లేషించే విద్య) చదవాలంటే పదహారేళ్లకే జేఈఈ దారి పట్టి ఉండాలనీ, బీకాం చదివి అకౌంట్ల ఉద్యోగంలో చేరిన నాలాంటివారికి ఆ అవకాశం ఎప్పుడో చేజారిందనీ చాలాకాలం అనుకున్నాను. ఐఐటీ మద్రాసు 2020 జూన్‌లో ప్రారంభించిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ గురించి మా తమ్ముడు చెప్పినప్పుడు, డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుల్లో ఇదీ ఒకటి కాబోలని పట్టించుకోలేదు. మరుసటి ఏడాది చేరిన తరువాత నా అంచనా ఎంత తప్పో తెలిసింది.

దీనికి జేఈఈ అక్కరలేదు, వయోపరిమితి లేదు. పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి ఇంటర్ పూర్తిచేసినవారు ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. అయితే ముందుగా నాలుగు వారాలపాటు గణితం, గణాంకశాస్త్రం, కంప్యుటేషనల్ థింకింగ్ (లెక్కను కంప్యూటర్ తరహాలో అంచెలంచెలుగా ఆలోచించడం), ఇంగ్లీషు పాఠాలు విని, వారం వారం అసైన్‌మెంట్లు రాసి, ఆపై అర్హత పరీక్ష నెగ్గాలి. పాఠాలు ఇంట్లో వినవచ్చు గానీ పరీక్షలకు మాత్రం కేంద్రానికి వెళ్లి తీరాలి. ఆ లెక్కన నా ఆదివారాలు చాలానే విజయవాడ బస్సుల్లో గడిచాయి. ఫౌండేషన్, రెండు డిప్లొమాలు, బీఎస్సీ డిగ్రీ, ఆపైన బీఎస్ డిగ్రీ అంటూ మెట్లు మెట్లుగా సాగే ఈ చదువును మధ్యలో ఆపవలసి వచ్చినా, అప్పటిదాకా పూర్తిచేసిన మెట్టుకు తగిన పట్టా దక్కుతుంది. ఇంటి బాధ్యతల నడుమ చదివేవారికి ఈ వెసులుబాటు విలువ బాగా తెలుస్తుంది.

కృత్రిమ మేధ కోసమని వచ్చినవారికి మొదట ఎదురయ్యేది మాత్రం పేకముక్కల్లాంటి చీటీలు. మాధవన్ ముకుంద్, జి. వెంకటేశ్ గార్లు చెప్పే కంప్యుటేషనల్ థింకింగ్‌లో విద్యార్థుల మార్కులు, దుకాణం బిల్లులు రాసిన చీటీలను ఒక్కొక్కటిగా తీసి, చూసి, పక్కన పెడుతూ లెక్క ఎలా తేల్చాలో నేర్పుతారు. కృత్రిమ మేధకు ఆధారమైన మెషీన్ లెర్నింగ్ పాఠాలు డిప్లొమా స్థాయికి చేరితే గానీ రావు. ఈలోగా విసిగి మానేసినవారిని చూశాను. వారిని తప్పుపట్టలేను, ప్రకటనలు చదివి వచ్చినవారికి చీటీలు నచ్చవు.

నాకు మాత్రం ఆ చీటీలే పనికొచ్చాయి. డిప్లొమాలో భాగంగా నిజమైన వ్యాపారం నుంచి వివరాలు సేకరించి విశ్లేషించే ప్రాజెక్టు ఒకటి ఉంటుంది. సత్తెనపల్లి దగ్గర మా మేనమామకు ఎరువుల కొట్టు ఉంది. "ఏమ్మా, నా పద్దుల్లో నీకేం దొరుకుతుంది?" అంటూనే 2017 నుంచి రాసిన ఖాతా పుస్తకాలన్నీ ముందు పెట్టాడు. రెండు నెలలు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి గ్రాఫు గీస్తే, యూరియా అమ్మకాలు 2018లో ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపించింది. వానలు కారణమా, పంట మారిందా అని ఒక పేజీడు వివరణ కూడా రాసుకున్నాను. మామయ్య ఆ గ్రాఫు చూసి నవ్వాడు. ఆ ఏడాది యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. రైతు వేసే ఎరువు అంతే, బస్తాల సంఖ్య పెరిగింది. తరువాత వచ్చిన అర లీటరు నానో యూరియా (ద్రవరూప యూరియా) సీసాను కూడా ఆయన పుస్తకంలో బస్తాలాగే "1" అని రాశాడు. ఏ ప్రోగ్రామూ ఈ తేడాను తనంత తానుగా పట్టుకోలేదు, ఎందుకంటే అది పుస్తకంలో లేదు, మామయ్య తలలో ఉంది. ఎక్కించిన ప్రతి బస్తా వరుసనూ కిలోల్లోకి మార్చి మళ్లీ మొదలుపెట్టాను.

అప్పుల వసూలు లెక్క ఇంకా ఆసక్తికరంగా తేలింది. సగటు తీస్తే బాకీ తీరడానికి చాలా నెలలు పడుతున్నట్టు వచ్చింది గానీ, మధ్యగతం (బాకీలను తీరిన కాలం ప్రకారం వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేది) చూస్తే ఎక్కువమంది పంట చేతికి రాగానే కట్టేస్తున్నారు. ఏళ్ల తరబడి నిలిచిన కొద్ది బాకీలే సగటును అంత దూరం లాగాయి.

ఉద్యోగం సంగతి అడిగేవారికి ఉన్నమాట చెప్పాలి. నా కొలువు మారలేదు, జీతమూ పెద్దగా పెరగలేదు; ఆఫీసులో నెలవారీ నివేదికల పని మాత్రం నా చేతికి వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లీషు పాఠాలు మొదట్లో భారమే, నేనూ ఒక్కో వీడియోను మూడేసి సార్లు చూశాను. కుటుంబ ఆదాయాన్ని, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో పెద్ద రాయితీలున్నాయని మా వీధిలో ఇంటర్ చదివే పిల్లలకు చెబితే చాలామందికి అది కొత్త సంగతే అయింది.

మామయ్య కొత్త పుస్తకంలో ఇప్పుడు బస్తాల పక్కన కిలోలకు ఇంకో గడి గీశాడు. సీసాలను ఆ గడిలో ఎలా రాయాలో మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.