చెక్క శిల్పం, ఇత్తడి కుంది పార్సిల్ కట్టే పద్ధతి

అట్టపెట్టె మీద నాలుగు వైపులా ‘ఫ్రాజైల్’ స్టిక్కర్లు అంటించి ఇక భయం లేదనుకునేవాళ్లు చాలామంది. బస్తాలో, వ్యానులో, సార్టింగ్ బెల్టు మీద ఆ స్టిక్కర్ చదివే తీరిక ఎవరికీ ఉండదు. మనిషి నడుమెత్తు నుంచి ఏదో ఒక మూల మీద పెట్టె పడుతుంది, పైన ఇంకో ఇరవై కిలోల పెట్టె కూర్చుంటుంది అనే లెక్కతోనే కట్టాలి.

తిరుపతి నుంచి వెళ్లే విలువైన పార్సిళ్లలో కట్టడం అన్నిటికంటే కష్టమైనవి ఏర్పేడు దగ్గరి మాధవమాల చెక్క శిల్పాలు. స్వామివారి పై చేతుల్లోని శంఖుచక్రాలు, మకరతోరణం కొసలు, అభయహస్తం వేళ్లు విరిగే చోట్లు. కారణం చెక్కలోనే ఉంది. దుంగలో నార నిలువుగా నడుస్తుంది. చెయ్యి అడ్డంగా బయటికి వచ్చిన చోట ఆ నార తెగి పొట్టిగా మిగులుతుంది, అందుకే కొంచెం ఒత్తిడికే పుటుక్కుమంటుంది. గట్టిగా చుడితే భద్రం అనుకుని బొమ్మంతా బబుల్ ర్యాప్ బిగించి, పైన టేపు లాగి కడతారు. ఆ బిగువంతా వేళ్ల మీదే పడుతుంది. పెట్టె కింద పడకపోయినా వేలు విరిగి వస్తుంది. తప్పంతా దారిదేనని మనం అనుకుంటాం.

పట్టు ఎప్పుడూ పీఠం మీద, నడుము మీద ఉండాలి. చేతుల చుట్టూ ఖాళీ ఉండాలి. ముందు బొమ్మకు బటర్ పేపర్ చుట్టండి. పాలిష్ మీద నేరుగా బబుల్ ర్యాప్ తగిలితే ఎండాకాలంలో గుండ్రటి మచ్చలు దిగుతాయి. మే నెలలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది, మూసిన వ్యానులో ఇంకా ఎక్కువ. న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. చెయ్యికీ ఒంటికీ మధ్య సందులో టిష్యూ పేపర్ ఉండలు వదులుగా పెట్టండి, కూరవద్దు. తర్వాత పీఠానికీ నడుముకూ ఫోమ్ షీటు రెండు చుట్లు. ఇప్పుడు రెండు అంగుళాల మందం ఫోమ్ పలకలో బొమ్మ ఆకారం గీసి, చేతులు వచ్చే చోట ఒక వేలు మందం ఎక్కువ కోసి తీసేయండి. బొమ్మను వెల్లకిలా అందులో పడుకోబెట్టి, పైన అలాంటిదే ఇంకో పలక మూస్తే లోపలి పెట్టె సిద్ధం. మూత వేసి ఊపితే చప్పుడు రాకూడదు. వస్తే చేతుల దగ్గర కాదు, పీఠం దగ్గర ఇంకో ముక్క పెట్టండి.

ఆ పెట్టెను ఐదు పొరల అట్టపెట్టెలో పెట్టాలి, ఆరు వైపులా కనీసం రెండు అంగుళాల మెత్త ఉండేలా. అలాగని మరీ పెద్ద పెట్టె తీసుకోకండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చినదాన్ని కిలోల బరువుగా లెక్కేస్తాయి. 40, 30, 30 పెట్టె అంటే 7.2 కిలోలు. లోపల సరుకు మూడు కిలోలే అయినా డబ్బు 7.2కే కట్టాలి.

ఇత్తడి దారి వేరు. ఐదారు కిలోల దీపపు కుంది కింద బబుల్ ర్యాప్ వేస్తే బుడగలు ఒక్కరోజులో చితికిపోతాయి. ఆ ఖాళీలో కుంది సుత్తిలా ఊగి అట్టను చీల్చుకుని బయటికి వస్తుంది. మరచుట్టు ఉన్న కుందిని ముక్కలుగా విప్పి, దేనికది చుట్టండి. అడుగున గట్టి ఫోమ్ గానీ, మడిచి అంటించిన అట్ట దొంతర గానీ వేయండి. బరువైన ముక్క మధ్యలో, తేలికవి పైన.

కిరాణా కొట్టు పెట్టె ఉచితమే గానీ ఒకసారి తడిసి ఆరిన అట్టకు బలం ఉండదు. పాత బార్‌కోడ్ చెరపకుండా పంపితే పార్సిల్ ఇంకెటో పోవచ్చు. టేపు మూడంగుళాలది, మధ్య అతుకు మీదా రెండు చివర్ల మీదా. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి, లోపలి పెట్టెకు పాలిథిన్ కవరు తొడిగి సిలికా జెల్ పొట్లాలు వేయండి. కొత్తగా చెక్కిన పచ్చి చెక్కను మాత్రం కవర్లో బిగించకండి, బూజు పడుతుంది. ముందు నీడన బాగా ఆరనివ్వండి.

ఇన్సూరెన్స్ దగ్గర పిసినారితనం పనికిరాదు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇన్సూర్ చేయని స్పీడ్ పోస్టు పోతే పరిహారం వస్తువు ధర కాదు, మామూలుగా మనం కట్టిన చార్జీ లెక్కన వచ్చే చిన్న మొత్తం. కౌంటర్లో ఇన్సూరెన్స్ అడిగి, అసలు ధరే రాయండి, బిల్లు దగ్గర పెట్టుకోండి. కట్టే ప్రతి దశకూ ఫోటో తీయండి.

అమెరికా, ఆస్ట్రేలియా పంపేవాళ్లు మూడు చూసుకోవాలి. ఎర్రచందనం బొమ్మకు అనుమతి పత్రాలు లేకపోతే పంపనే వద్దు, అది అంతర్జాతీయ నియంత్రణలో ఉన్న చెట్టు. నూరేళ్లు దాటిన విగ్రహాలు, కుందులు 1972 పురావస్తు చట్టం కింద దేశం దాటకూడదు. పాతగా కనిపించే కొత్త సరుకైతే పురావస్తు శాఖ ధ్రువపత్రం తీసుకోండి. ఇక వరిగడ్డి కూరి పంపకండి, చాలా దేశాల క్వారంటైన్ వాళ్లు ఒప్పుకోరు.

పెట్టె మూసే ముందు పై పలక మీద ఒక చీటీ పెట్టండి. అందుకున్నవాళ్లు ఆత్రంగా చేతులు పట్టుకుని పైకి లాగుతారు. రెండు అరచేతులూ పీఠం కిందికి పోనిచ్చి ఎత్తమని అందులో రాయండి. మీ ఫోన్ నంబరు, వాళ్ల అడ్రసు కూడా అదే చీటీలో ఉంటే, పైనున్న లేబుల్ చిరిగినా పార్సిల్ చేరుతుంది.