బీఎఫ్‌ఏ అయిపోయింది, నెయ్యి మరక మాత్రం పోలేదు (నా అనుభవం)

మొన్నే ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ గురించి చెప్పమంటే నాకు గుర్తొచ్చేది ఆఖరి జ్యూరీ రోజు, అంటే ఎగ్జామినర్లు మన ప్రాజెక్టు చూసి మార్కులేసే రోజు, ఒక్కటే, అది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

తేలిగ్గా అయిపోయినవి ముందు చెప్పేస్తా. తెలంగాణలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ వాళ్ల ఎఫ్‌ఏడీఈఈ, ఆంధ్రలో ఏడీసెట్, ఇవి కాక నిఫ్ట్, ఎన్‌ఐడీ డ్యాట్, ఐఐటీలకి యూసీడ్, ఏ ఎంట్రన్స్ పరీక్ష దానికదే. ఒకటి రాస్తే అన్నిటికీ సరిపోతుందనుకుని మా ఫ్రెండ్ ఒకడు ఏడాది పోగొట్టుకున్నాడు. కోచింగ్‌కి వేలు పోయకండి, నేను పోశాను, అక్కడి సార్ మూణ్ణెల్లు కుండా అరటిపండూ వేయించాడు. ఆ మూణ్ణెల్లు బస్టాండ్‌లో కూర్చుని మనుషుల్ని గీసుకున్నా ఇంకాస్త చెయ్యి తిరిగేది. కౌన్సెలింగ్‌కి ఒరిజినల్స్, నాలుగు సెట్లు జిరాక్స్. అయిపోయింది.

ఫస్టియర్ ఫౌండేషన్ అంతా ప్లాస్టర్ తలకాయలు, బంకమట్టి, పర్‌స్పెక్టివ్. ఇంపీరియల్ షీటంటే 22 అంగుళాలు బై 30, ఆ సైజు బోర్డు పట్టుకుని సిటీ బస్సెక్కితే కండక్టర్ దానికీ టికెట్ కొడతానన్నాడు. సెకండియర్ నుంచి అప్లైడ్ ఆర్ట్, అంటే యాడ్లు, ప్యాకేజింగ్ లాంటి డిజైన్ పని. పెయింటింగ్ తీసుకుందామని ఉండేది, చిన్నప్పుడు రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి మా తాతయ్య తీసుకెళ్లేవారు, అదొక పిచ్చి. నాన్న మాత్రం "ఉద్యోగం వచ్చేది చూసుకో అమ్మా" అన్నారు, అక్కడితో ఆ మాట ముగిసింది.

ఇప్పుడు అసలు సంగతి.

ఫైనలియర్ ప్రాజెక్టుకి ఆత్రేయపురం పూతరేకుల ప్యాకేజింగ్ తీసుకున్నాను. మా అమ్మమ్మగారి ఊరు ఆ పక్కనే. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే రేకు వచ్చేస్తుంది, చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం. 2023లో దానికి జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకని అధికారిక గుర్తింపు, కూడా వచ్చింది. అంత పేరున్న స్వీటు ఇప్పటికీ ఏ ఊళ్లో చూసినా ఒకటే రకం అట్టపెట్టెలో, అదే ఎర్ర అక్షరాల్తో అమ్ముతారు. కాబట్టి మూత మీద పేరు నేనే చేత్తో రాయాలి, తెలుగులోనే రాయాలి అనుకున్నా.

మా గైడ్‌కి అది నచ్చలేదు. "ఇంగ్లీషులో పెట్టు, ప్రీమియం లుక్ వస్తుంది" అని సెమిస్టర్ అంతా ఒకటే పాట. ఆయన్ని అని ఏం లాభం, సెకండియర్‌లో లెటరింగ్ అని ఒక పేపరంతా ఉంటే సెరిఫ్, శాన్స్ సెరిఫ్, ఎక్స్-హైట్ అని ఇంగ్లీషు అక్షరాలే వేయించారు. గారమాండ్ అనే ఇంగ్లీషు ఫాంట్‌లో చిన్న 'ఎ' నిద్రలో లేపి అడిగినా గీస్తా. 'క్ష' ఒక్కసారి వేయించలేదు. తెలుగుకి పైన తలకట్టూ గుడీ, కింద ఒత్తులూ ఉంటాయి, ఇంగ్లీషుకి పెట్టినంత లైన్ గ్యాప్ పెడితే పై లైను ఒత్తు కింది లైను గుడిలో దూరిపోతుంది, ఈ ముక్క నాకు చెప్పింది క్లాసులో సార్ కాదు, శుభలేఖలు కొట్టే డీటీపీ షాపాయన. తెలుగువాళ్ల కాలేజీ, తెలుగు పిల్లలు, రేపు తెలుగు పేపర్లకీ తెలుగు యాడ్లకీ పనిచేసేది మేమే, అక్షరం నేర్పేవాడు మాత్రం లేడు. బాపు రాత గొప్పది బాపు రాత గొప్పది అని స్పీచులిస్తారు కదా, ఆ రాత ఎందుకు నిలబడిందో బోర్డు మీద గీసి చూపించిన వాళ్లని నేను చూళ్లేదు.

సరే, ట్రేసింగ్ పేపర్లు అరవై పైన చించాక పేరు కుదిరింది. 'రే' మీద ఏత్వాన్ని మడతపెట్టిన రేకు అంచులా లాగాను. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నా అనుకున్నా పర్లేదు, బావుంది అది.

పెట్టె వెనకాల చిన్నక్షరాలు మాత్రం టైప్ చేశాను, ఇల్లస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మండలి ఫాంట్ పెట్టి. జ్యూరీ ముందు రోజు రాత్రి పదకొండింటికి ఫైలు ప్రింట్ షాపుకి పంపా. వాళ్ల దగ్గరున్నది ఎప్పటిదో కోరల్‌డ్రా, తెలుగంటే పాతకాలం అనూ ఫాంట్లే. ఫైలు తెరవగానే ఫాంట్ లేదని ఏదో బాక్స్ వచ్చిందట, ఆ అన్న ఓకే కొట్టేశాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్లి ప్రింట్ తీసుకున్నా. రంగు చూశా, మడత గీతలు చూశా, మూత మీద నా 'రే' చూసి మురిసిపోయా. వెనకవైపు చదవలేదు. నాలుగు నెలలు అదే చూసీ చూసీ కళ్లకి ఆనట్లేదు. గబగబా అతికించుకుని పదింటికల్లా టేబుల్ మీద పెట్టేశా.

ఎక్స్‌టర్నల్, అంటే బయట్నుంచి వచ్చిన ఎగ్జామినర్, పెద్దాయన, నెమ్మదస్తుడు. మూత రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశారు, నాకు గుండె గాల్లో తేలుతోంది. తర్వాత పెట్టె తిరగేసి కళ్లజోడు పైకి జరిపి అందరికీ వినపడేలా చదివారు.

"ఆత్‌రేయపురం... స్‌వచ్‌ఛమైన... నెయ్‌యి. ఏమ్మా, ఇది ఏ భాష?"

వంగి చూస్తే ఒత్తు ఒక్కటి లేదు. ప్రతిదానికీ నెత్తిన పొల్లు, పక్కన అక్షరం. వెనకాల జూనియర్లు నవ్వారు. నేను "సార్, అది ఫాంటు..." అని మొదలుపెట్టి ఆపేశా, ఎందుకంటే ఆయన అడిగింది ఫాంటు గురించి కాదు. "ప్రింట్ వచ్చాక చదివావా?" అన్నారు. చదవలేదండి అన్నా. "నీ భాషలో నువ్వు చేసిన పని నువ్వే చదవలేదు, కొనేవాడు చదువుతాడా?" కోప్పడినా బావుండేది, మామూలుగా అడిగారు. పక్కనున్న మా గైడ్ మాత్రం ఊరుకోకుండా "నేను ముందే చెప్పాను సార్, ఇంగ్లీషులో పెట్టమని" అన్నారు. ఎక్స్‌టర్నల్ అన్న మాటకి ఏడుపు రాలేదు, దీనికొచ్చింది. బాత్రూమ్‌లోకెళ్లి ట్యాప్ తిప్పి ఏడ్చా.

మూడ్రోజుల్లో మళ్లీ సబ్మిట్ చెయ్యమన్నారు, మార్కులు కోస్తామన్నారు, కోశారు. మళ్లీ ప్రింట్‌కి ఎనిమిది వందలు, షాపు అన్న సగం తీసుకుంటానన్నాడు గానీ నేనే ఇచ్చేశా. తప్పు అతనిది కాదు కదా.

ఇల్లస్ట్రేటర్‌లో తెలుగు టైప్ చేసేవాళ్లు ఇదొక్కటి వినండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్‌లోకెళ్లి షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టుకోండి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి, లేకపోతే మన స్క్రీన్ మీదే ఒత్తులు విడిపోతాయి. బయటికి పంపేముందు కంట్రోల్ షిఫ్ట్ ఓ కొట్టి అక్షరాలన్నీ అవుట్‌లైన్లు చేసెయ్యండి, అంటే అవి బొమ్మల్లా మారిపోతాయి, ఇక ఎవడి కంప్యూటర్‌లో ఏ ఫాంటు లేకపోయినా గొడవ లేదు. అవుట్‌లైన్ చెయ్యని ఫైలు ఇంకోటి దాచుకోండి, తర్వాత దిద్దుకోడానికి. ప్రింట్ వచ్చాక సంబంధం లేని మనిషి చేత గట్టిగా చదివించండి, హాస్టల్ వంటావిడైనా సరే.

గైడ్లని ఎలా భరించాలో మాత్రం నన్నడక్కండి, నాకూ తెలీదు.

రెండోసారి చేసిన పెట్టె కాలేజీవాళ్లే ఉంచేసుకున్నారు. మొదటిది ఇంటికి తెచ్చుకుంటే అమ్మ అందులో పిన్నీసులు వేసుకుంటోంది. నిన్న రాత్రి అన్నం తింటుంటే తమ్ముడు ఆ పెట్టె తిరగేసి చూసి, గిన్నె నా వైపు జరిపి, "అక్కా, కాస్త నెయ్‌యి వెయ్‌యనా?" అన్నాడు.