మా చింటూగాడి మలబద్ధకం – ఈ నాలుగు రోజుల నా అనుభవం

ఇవాళ తెల్లవారుజామున ఐదింటికి మా పిల్లి చింటూ తన ఇసుక ట్రేలో కూర్చుని పని కానిచ్చాడు. నాలుగు రోజుల తర్వాత. ఆ సంతోషం చల్లారకముందే రాస్తున్నాను, మధ్యలో కోపం కూడా వస్తుంది, ఏమీ అనుకోకండి.

మాది అక్కయ్యపాలెం. చింటూకి ఎనిమిదేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లి, ఐదున్నర కిలోలుంటాడు. మే నెలలో విశాఖ ఉక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. వాడు నీళ్లు తాగడం తగ్గించేశాడు, పెట్టేదేమో డ్రై ఫుడ్ ఒక్కటే. శనివారం నుంచి ట్రేలో ఏమీ లేదు. మామూలుగా రోజుకొకసారి వెళ్లేవాడు. సోమవారం సాయంత్రం వీపు విల్లులా వంచి, ముక్కి ముక్కి, ఏమీ రాక, ఇసుక అంటిన కాళ్లతోనే వచ్చి నా చీర కుచ్చిళ్ల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. అన్నం సహించలేదు నాకు.

పక్కింటి పిన్నిగారు ఆముదం పట్టమన్నారు, ఎదురింటివాళ్లు పాలు పొయ్యమన్నారు. రెండూ చెయ్యలేదు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో ఉన్న ఆ కాస్త నీరూ పోతుంది.

మంగళవారం పొద్దున్నే బుట్టలో పెట్టుకుని ఒక క్లినిక్‌కి వెళ్లాను. పేరు రాయను. రెండు గంటలు కూర్చోబెట్టారు. నా వంతు వచ్చాక కౌంటర్ అబ్బాయి ఏం ప్రాబ్లం అని అడిగితే మూడు రోజులుగా మోషన్ అవ్వట్లేదని మెల్లగా చెప్పాను. అతను లోపలికి వినబడేలా "సార్, పిల్లికి మోషన్ రాట్లేదంట!" అని అరిచాడు. కుక్కల్ని పట్టుకుని కూర్చున్న నలుగురైదుగురు నవ్వారు. డాక్టరుగారు ఫోన్ చెవికి పెట్టుకునే బయటికొచ్చారు. బుట్ట మూత కూడా తియ్యలేదు. కడుపు మీద చెయ్యి వెయ్యలేదు. మూత్రం పోస్తున్నాడా అని అడగలేదు. చీటీ మీద "ఎనిమా" అని ఒక్క ముక్క రాసి, "మెడికల్ షాపులో ఇస్తారమ్మా, ఇంట్లోనే పెట్టేయండి" అన్నారు. ఐదు వందలు తీసుకున్నారు.

నేను బ్యాంకులో ఇరవై రెండేళ్లు కౌంటర్లో పనిచేసినదాన్ని. చదువురాని ముసలమ్మ వచ్చి అకౌంట్లో పదిహేను రూపాయలు ఎందుకు తగ్గాయని అడిగినా పాస్‌బుక్ తెరిచి చూపించేదాన్ని తప్ప ఒక్కరోజు కూడా ఎవరి ముందూ నవ్వలేదు. ఎదుటి మనిషికి అది చిన్న సమస్య కాదని తెలుసుకోవడమే ఉద్యోగం. ఆ నవ్వు నాకింకా చెవుల్లోనే ఉంది.

కింద మెడికల్ షాపులో చీటీ చూపిస్తే మనుషులకి వాడే ఎనిమా బాటిల్ చేతిలో పెట్టారు. అట్ట మీద సోడియం ఫాస్ఫేట్ అని ఉంది. ఎందుకో అనుమానం వచ్చి మా అక్క కూతురికి ఫోన్ చేశాను, గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. "పిన్నీ, దాన్ని అక్కడే ఇచ్చేసెయ్! ఫాస్ఫేట్ ఎనిమా పెడితే పిల్లి చచ్చిపోతుంది" అంది. ఆ ఫాస్ఫేట్ రక్తంలోకి ఎక్కి కాల్షియం పడిపోతుందట, ఫిట్స్ వస్తాయట. నడి రోడ్డు మీద నా కాళ్లు వణికాయి. అది ఆ సమయానికి ఫోన్ ఎత్తకపోయి ఉంటే ఇంటికెళ్లి నా చేతులతో నేనే పెట్టేసేదాన్ని.

తర్వాత అది అడిగిన మొదటి ప్రశ్న మూత్రం గురించే. మగపిల్లులకి మూత్రం దారి మూసుకుపోయినా అచ్చం ఇలాగే ట్రేలో ముక్కుతాయి, అది మలబద్ధకం అనుకుని ఇంట్లో ఉంచేస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మా ట్రేలో ఇసుక తడికి ఉండకట్టి ఉంది కాబట్టి పోస్తున్నాడని తెలిసింది. మీరు ముందు ఇది చూడండి, మిగతావన్నీ తర్వాతే.

సాయంత్రం మా అక్క కూతురు చెప్పిన ఇంకో పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చింటూ కడుపు నెమ్మదిగా నొక్కి, నా వేళ్లు పట్టుకుని అక్కడ పెట్టించారు. దొండకాయలు వరసగా పేర్చినట్టు గట్టిగా తగిలాయి. భుజాల మధ్య చర్మం కింద సెలైన్ ఎక్కించారు, బరువు చూసి, మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ ఎన్ని ఎం.ఎల్. ఇవ్వాలో రాసిచ్చారు. రేపటికి అవ్వకపోతే తీసుకురండి, మత్తిచ్చి గోరువెచ్చని నీళ్లతో నేనే ఎనిమా చేస్తానన్నారు. ఆయనకి నా దండాలు.

సిరప్ పట్టడం కష్టం కాదు. సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా, తల పైకెత్తకుండా. మలబద్ధకానికి వాడే నూనెలాంటి లిక్విడ్ పారాఫిన్ మాత్రం నోట్లో పొయ్యకండి, రుచి లేక పిల్లికి తెలియకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

బుధవారం తెల్లారుజామున ఇసుక గీకిన చప్పుడుకి లేచాను. ముందు మేకపెంటికల్లా ఎండిపోయినవి ఐదారు, ఒకదాంట్లోంచి వాడి తెల్ల వెంట్రుకలు బయటికొచ్చి ఉన్నాయి, వాటి వెనకాల మెత్తగా ఒకటి. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఇంట్లో మూడు చోట్ల నీళ్ల గిన్నెలు పెట్టాను. పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన కానాగంత చేపల్ని ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, ఆ నీళ్లతో సహా పెడుతున్నాను, గిన్నె నాకేశాడు. వెట్ ఫుడ్ మొదలుపెట్టాను. తీపి గుమ్మడికాయ ఉడికించిన గుజ్జు ఒక చెంచా కలుపుతున్నాను. ఇసబ్‌గోల్ ఇంకో వారం ఆగి, అదీ నీళ్లు బాగా తాగుతుంటేనే, పావు చెంచా నానబెట్టి పెట్టమన్నారు, పొడిగా పెడితే ఇంకా బిగుసుకుపోతుందట. రోజూ దువ్వుతున్నాను, బొచ్చు మింగకుండా.

పొద్దున్న ఆరింటికి గరివిడి పిల్లకి ఫోన్ చేసి "అయిందే!" అన్నాను. "ఎంత వచ్చింది, ఫోటో పెట్టు పిన్నీ" అంది. పెట్టాను.