ఇస్త్రీ టైముకి కూలి ఎవరిస్తారు?

ఇన్విజిబుల్ జిప్, అంటే పళ్ళు బయటికి కనపడని జిప్, సరిగ్గా కుదరకపోతే చాలామంది ముందు మెషీన్ ఫుట్‌ని, అంటే సూది దగ్గర బట్టని నొక్కి పట్టే పాదాన్ని, తిడతారు, తర్వాత జిప్‌ని తిడతారు. పరాయి దేశంలో ఒక ఆల్టరేషన్ వర్క్‌షాప్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాడైన జిప్‌లు విప్పి మళ్ళీ కుట్టడమే నా పని కాబట్టి గట్టిగా చెప్పగలను, తేడా ఎక్కువగా వచ్చేది బట్ట మెషీన్ దగ్గరికి రాకముందే. ఇస్త్రీ చేసి ఉండరు, పేస్టింగ్ (బట్ట సాగకుండా లోపలి వైపు అతికించే పట్టీ) వేసి ఉండరు, గుర్తులు పెట్టి ఉండరు.

ఎందుకు చేయరో కూడా నాకు తెలుసు. మా దగ్గర కూలి పీసు లెక్కన. బట్టకి తగిలించిన చీటీ మీద జిప్ మార్చాలి అని ఒక్క ముక్క ఉంటుంది, దానికో రేటు, పాతది విప్పడం దగ్గర్నుంచి ఇస్త్రీ, పేస్టింగ్, కచ్చా కుట్టు అన్నీ ఆ ఒక్క ముక్కలోనే. నెలాఖరుకి ఇంటికి డబ్బు పంపాలి, గది అద్దె కట్టాలి, ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి ముందు తీసెయ్యాలనిపించేది ఇస్త్రీయే. అది కుట్టు కాదు కదా, పూర్తయిన బట్టలో ఎక్కడా కనపడదు. నేను మాత్రం దాన్ని వదలను, పక్కవాళ్ళనీ వదలనివ్వను.

మామూలు జిప్ పళ్ళు ఎదురుగా కనిపిస్తాయి. ఇన్విజిబుల్ జిప్‌లో పళ్ళు నైలాన్ లేదా పాలిస్టర్ తీగని మెలికలు తిప్పి చేసినవి, టేపు వెనక వైపుకి చుట్టుకుని దాక్కుంటాయి. ముందు నుంచి చూస్తే రెండు అంచులు కలిసిన ఒక గీత, పైన చిన్న బొట్టు ఆకారంలో లాగే బిళ్ళ, అంతే కనపడాలి. కుట్టేటప్పుడు సూది ఆ చుట్టుకున్న పళ్ళ కిందికి, వీలైనంత దగ్గరగా పోవాలి, పళ్ళని మాత్రం పొడవకూడదు. వాటిని ముందే విప్పదీసి పెట్టకపోతే అక్కడికి సూది ఎలా పోతుంది?

అందుకే జిప్‌ని పూర్తిగా తెరిచి, వెనక వైపు పైకి వచ్చేలా ఇస్త్రీబల్ల మీద పెట్టి, బొటనవేలితో పళ్ళ వరసని టేపు మీద నుంచి అవతలికి దొర్లిస్తూ, ఇస్త్రీపెట్టె మొనతో దాని వెంటే మెల్లగా వెళ్ళాలి. వేడి సింథటిక్ బట్టకి పెట్టేంతే ఉండాలి, అంతకంటే పెంచితే తీగ మెత్తబడి వంకరపోతుంది, ఆ జిప్ ఇక పనికిరాదు. పళ్ళు మొత్తం చదును కానక్కర్లేదు, పళ్ళకీ టేపుకీ మధ్య సన్నటి గాడి ఒకటి కనపడితే చాలు. ఆ గాడి కనపడిందంటే సగం పని అయినట్టే, ఇన్విజిబుల్ జిప్ ఫుట్ లేకపోయినా మామూలు జిప్ ఫుట్‌తో నెట్టుకురావచ్చు. ఆ ప్రత్యేకమైన ఫుట్ ఉంటే మంచిదే, దాని అడుగున ఉండే రెండు గాళ్ళలో ఒకదాంట్లో పళ్ళు కూర్చుని సూదికి దారి ఇస్తాయి.

పేస్టింగ్ సంగతి. పల్చటి బట్ట, ఐమూలగా కత్తిరించిన బట్ట చేతిలోనే సాగుతుంది, జిప్ టేపు సాగదు. రెండూ కలిపి కుట్టేస్తే వీపు మీద అలలు తేలతాయి. కుట్టుకి అవతల వదిలే అంచు, అంటే మార్జిన్, 1.5 సెంటీమీటర్లు ఉంటే 2 సెంటీమీటర్ల వెడల్పు పేస్టింగ్ పట్టీ రెండు అంచులకీ అతికించాలి, కుట్టు గీత ఆ పట్టీ మీదే పడాలి. వెల్వెట్ అయితే ఇంకో గొడవ, నూగు వల్ల పై పొర జారిపోతూ ఉంటుంది, చేత్తో కచ్చా కుట్టు వెయ్యకుండా దాన్ని మెషీన్ కింద పెట్టకండి.

నడుము కుట్టు దగ్గర ఎలా దాటాలో నాకు నేర్పింది వియత్నాం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు, ఇక్కడి భాష ఇద్దరికీ అంతంతమాత్రమే. ఒక వైపు కుట్టగానే జిప్ మూయించేది, నడుము గీత ఎక్కడికొచ్చిందో రెండో టేపు మీద సుద్దతో గుర్తు పెట్టేది, మళ్ళీ తెరిచి రెండో వైపున ముందు ఆ గుర్తు దగ్గరే నాలుగు పెద్ద కుట్లు వేయించి, మూసి చూసి, గీతకి గీత కలిస్తేనే అసలు కుట్టు. నడుము దగ్గర పొరలు ఎక్కువ కాబట్టి మార్జిన్లో ఉన్న గుడ్డ కొంత కత్తిరించి తగ్గించాలి, కుట్టు కూడా అక్కడ పళ్ళకి వెంట్రుకవాసి ఎడంగా పోవాలి, లేకపోతే రన్నర్ (పళ్ళని కలుపుతూ జారే ముక్క) అక్కడికి రాగానే బిగుసుకుంటుంది. అంతా అయ్యాక ఆవిడ మూసిన జిప్ మీద పైనుంచి కిందికి బొటనవేలి గోరుతో గీసుకుంటూ వచ్చేది. గోరు ఎక్కడైనా తట్టుకుందా, ఆ ముక్క విప్పాల్సిందే. ఇప్పుడు నేనూ అదే చేస్తాను, చూపు కంటే గోరే నమ్మకం.

మా దగ్గరికి వచ్చే జిప్‌లలో చాలావరకు తెగేది నడుము దగ్గరే. దానికి కుట్టొక్కటే కారణం కాదు. ఈ రకం జిప్ లాగుడు తట్టుకునేది కాదు, బిగుతైన డ్రెస్సుని ఒక్క చేత్తో సర్రుమని పైకి లాగితే పళ్ళు విడిపోతాయి. రెండు అంచులూ దగ్గరికి పట్టుకుని మెల్లగా లాగండి అని ట్రయల్ రూమ్‌లో కస్టమర్‌కి చెప్పాలి, ఇక్కడి భాషలో నేను తడుముకోకుండా చెప్పడం నేర్చుకున్న మొదటి వాక్యాల్లో అదొకటి.

అన్నట్టు, ఈ రోజు మనం వాడే జిప్‌కి ఒక రూపం తెచ్చినాయన కూడా వలస వెళ్ళినవాడే. గిడియన్ సండ్‌బ్యాక్, స్వీడన్‌లో పుట్టిన ఎలక్ట్రికల్ ఇంజనీరు, 1905లో అమెరికా వెళ్ళాడు, అంతకుముందు విట్‌కోంబ్ జడ్సన్ చేసిన కొక్కేల జిప్ ఊరికే ఊడిపోతుంటే దాన్ని వదిలేసి 1913 నాటికి పళ్ళతో పనిచేసేది తయారుచేశాడు, 1917లో పేటెంట్ వచ్చింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఈ పని మీద ఇంకొంచెం గౌరవం పెరిగింది.

కింది భాగం గురించి రెండు మాటలు. తెరవాల్సిన చోటు కంటే జిప్ కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు పొడుగు ఉండాలి, ఎందుకంటే రన్నర్ అడ్డం వల్ల చివరిదాకా కుట్టలేం. కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడికి కొంచెం పైనుంచి, మామూలు జిప్ ఫుట్‌తో, టేపు తోకని పక్కకి లాగి పట్టుకుని కింది కుట్టు మొదలుపెట్టాలి. మొదటి నాలుగైదు కుట్లు నేను చక్రం చేత్తోనే తిప్పుతాను. అక్కడ గుంట పడిందా, వీపు కింద చిన్న బుడగలా ఉబ్బి ఎంత ఇస్త్రీ చేసినా పోదు. తోక చివరలు మార్జిన్‌కి మాత్రమే కుట్టాలి, బయటి బట్టకి కాదు.

ఇక కూలి సంగతి. జిప్ కుదరలేదని తిరిగి వచ్చిన బట్టకి మళ్ళీ కూలి ఇవ్వరు, మళ్ళీ కుట్టే టైమూ మనదే. ఆ తిరిగొచ్చిన చీటీలన్నీ కొన్నాళ్ళు ఒక డబ్బాలో దాచి సూపర్‌వైజర్ ముందు పెట్టాం, నేనూ ఆ పెద్దావిడా కలిసి. సాటిన్, షిఫాన్, వెల్వెట్‌కి వేరే రేటు ఒప్పుకున్నారు. మిగతా బట్టలకి ఇంకా పాత రేటే, దాని గురించి అడగడం మేం మానలేదు.

కొత్తగా ఇలాంటి పనికి దరఖాస్తు పెట్టేవాళ్ళకి చాలాచోట్ల ఒక జిప్, రెండు గుడ్డ ముక్కలు ఇచ్చి కుట్టి చూపించమంటారు. టైము తక్కువ ఇస్తారు, చూసేవాళ్ళు పక్కనే నిలబడతారు, చేతులు వణుకుతాయి. అయినా కూర్చోకముందే ఇస్త్రీపెట్టె ఎక్కడుందో అడగండి, భాష రాకపోతే చేత్తో చూపించండి. ఆ ఒక్క ప్రశ్న వినగానే మా సూపర్‌వైజర్ సగం నిర్ణయానికి వచ్చేయడం నేను కళ్ళారా చూశాను.