సిలబస్‌లో లేని ఉయ్ఘర్లు, నా మెయిన్స్ ప్రిపరేషన్

సివిల్స్ ఫైనల్ లిస్ట్‌లో పేరు వచ్చినప్పటి నుంచి ‘ఏ పుస్తకాలు చదివారు, రోజుకు ఎన్ని గంటలు’ అని ఒకటే మెసేజ్‌లు. ప్రిలిమ్స్ గురించి కొత్తగా చెప్పడానికేం లేదు. పాత పేపర్లు, మాక్ టెస్టులు, అంతే. పీఎస్ఐఆర్ (రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్ వాళ్లకూ, జీఎస్-3 (జనరల్ స్టడీస్ మూడో పేపర్)లో అంతర్గత భద్రత అంటే టెన్షన్ పడేవాళ్లకూ మాత్రం ఒక టాపిక్ చెబుతాను: ప్రవాస ఉయ్ఘర్లు, అంటే చైనా వాయవ్యాన ఉన్న షింజియాంగ్ నుంచి విదేశాలకు వెళ్లిన తుర్కిక్ ముస్లింలు.

‘సిలబస్‌లో ఎక్కడుందిరా ఇది?’ అని రూమ్మేట్స్ నవ్వేవాళ్లు. చైనా అంటే సరిహద్దు, వాణిజ్యం చాలని కోచింగ్‌లో సార్ కూడా అన్నారు. నేను వినలేదు. డయాస్పొరా (ప్రవాస సమాజం), జాతీయవాదం, ఉగ్రవాదం, అగ్రరాజ్యాల రాజకీయం ఒక్క కేసులోనే దొరుకుతుంటే నాలుగు చోట్ల వెతకడం దేనికి?

పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టాను. ఎడమవైపు ప్రవాస రాజకీయం. 1949లో కమ్యూనిస్టు సైన్యం షింజియాంగ్‌లోకి వచ్చినప్పుడు ఉయ్ఘర్ నేతలు ఈసా యూసుఫ్ అల్ప్‌తెకిన్, మెహ్మెత్ ఎమిన్ బుగ్రా లద్దాఖ్ మీదుగా శ్రీనగర్ చేరి, తర్వాత టర్కీ వెళ్లారు. షింజియాంగ్‌లోనే 1933లో కాష్గర్‌లో, 1944లో ఘుల్జాలో పుట్టి నిలవని రెండు ‘తూర్పు టర్కిస్తాన్’ రిపబ్లిక్‌ల జ్ఞాపకాన్ని వెంట తీసుకెళ్లారు. 2004లో మ్యూనిక్‌లో ప్రవాస ఉయ్ఘర్ల సంస్థ వరల్డ్ ఉయ్ఘర్ కాంగ్రెస్ ఏర్పడితే తొలి అధ్యక్షుడు ఈసా కొడుకు ఎర్కిన్. ఆ తర్వాత రెబియా కదీర్. వీళ్ల పనంతా పిటిషన్లు, ఊరేగింపులు, పార్లమెంటుల్లో లాబీయింగ్. 2016లో ధర్మశాల సదస్సు కోసం అదే సంస్థ నేత దోల్కున్ ఈసాకు మన ప్రభుత్వం వీసా ఇచ్చి, మళ్లీ రద్దు చేసింది. భారత్-చైనా జవాబులో ఈ ఒక్క వాక్యం పడితే దాని బరువే వేరు.

కుడివైపు తుపాకీ పట్టినవాళ్లు. హసన్ మహ్సూమ్ నాయకత్వంలోని ఈటీఐఎం (ఈస్ట్ టర్కిస్తాన్ ఇస్లామిక్ మూవ్‌మెంట్) అనే ఉయ్ఘర్ సాయుధ సంస్థను 2002లో ఐక్యరాజ్యసమితి ఉగ్రవాద జాబితాలో పెట్టింది. మరుసటి ఏడాది అతను పాకిస్తాన్‌లో హతమయ్యాడు. తర్వాత అదే టర్కిస్తాన్ ఇస్లామిక్ పార్టీ పేరుతో సిరియాలోని ఇద్లిబ్ దాకా వెళ్లింది. 2020లో అమెరికా ఈటీఐఎంను తన జాబితా నుంచి తీసేసింది, ఐరాస తీసేయలేదు.

అసలు మార్కులు ఆ గీత దగ్గరే ఉన్నాయని తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఉగ్రవాదం, వేర్పాటువాదం, మత తీవ్రవాదం మూడింటినీ ‘మూడు దుష్టశక్తులు’గా ఒకే గాటన కట్టి బీజింగ్ ఆ గీతను చెరిపేస్తుంది. 2014లో చైనాలోని కున్‌మింగ్ రైల్వే స్టేషన్‌లో ఉయ్ఘర్ దుండగులు 31 మందిని కత్తులతో చంపిన దాడి ఊసెత్తకుండా రాసేవాళ్లూ ఉంటారు, వాళ్ల జవాబూ సగమే. ఉగ్రవాద అనుమానితులను అమెరికా బంధించిన గ్వాంటనామో జైల్లో 22 మంది ఉయ్ఘర్లు ఉండేవారు. వాళ్లు శత్రు యోధులు కారని తేలినా చైనాకు పంపలేక అమెరికా వాళ్లను అల్బేనియా, బెర్ముడా, పలావ్ లాంటి చోట్లకు పంపింది. గీత ఎంత సన్నగా ఉంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒక్క టాపిక్‌కి ఇంత టైమా అని ఇప్పటికీ అడుగుతున్నారు. టిబెట్, శ్రీలంక తమిళులు, ఖలిస్తాన్ దేని మీద ప్రశ్న వచ్చినా ఇదే గీత కొట్టి రాశాను. కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు గుట్టలుగా కొని అట్టలు కూడా తిప్పని వాళ్లు నాకు టైమ్ మేనేజ్‌మెంట్ చెప్పక్కర్లేదు. రోజూ కూర్చోవాలి, చేత్తో రాయాలి. నా నోట్స్ పీడీఎఫ్ అడగకండి, ఇవ్వను. ఆ గీత మీరే కొట్టుకోండి.