‘నాకేం కాదు’

పదిహేనేళ్లపాటు ‘నాకేం కాదు’ అనుకుంటూ బతికాను. రాత్రి రెండింటికి పడుకుని ఆరింటికి లేచినా, ఒళ్లు కాలిపోతుంటే మీటింగులు నడిపినా అదే మాట. దాన్నే ఆత్మవిశ్వాసం అనుకున్నాను. ఆ మాట నన్ను పైకి తెచ్చిందన్నదీ నిజమే. 42 ఏళ్లకే డివిజన్ మొత్తం నా చేతికొచ్చింది. ఆ ఏడాదే చెకప్‌లో బీపీ 170/110 ఉందన్నారు. మాత్రలు రెండు నెలలు వేసుకుని మానేశాను. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇక మాత్రలెందుకు అనుకున్నాను. బీపీ బయటికి ఏ లక్షణమూ చూపించకుండానే లోపల రక్తనాళాల్ని పాడుచేస్తుందని అప్పుడు పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేతిలోంచి జారిపోయింది. తీయబోతే కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని మంచం మీద వాలాను. మావారు ఏదో అడిగితే జవాబిచ్చాను. నాకు మామూలుగానే అనిపించింది కానీ ఆయన మొహం పాలిపోయింది. నా మూతి ఓ పక్కకి వంగిపోయిందట, మాట ముద్దముద్దగా వచ్చిందట. వద్దంటున్నా వినకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. స్ట్రోక్, అంటే పక్షవాతం అన్నారు.

మెదడులో రక్తం గడ్డకట్టినప్పుడు దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ని, మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అదీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. నాకు అందింది. కానీ ‘కాసేపు’ అని నేను పడుకున్నది గంటంపావు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

తర్వాతి రోజుల్లో నీళ్లు కావాలనుకుని ‘తలుపు’ అనేదాన్ని. తప్పని తెలుస్తూనే ఉండేది, అసలు మాట మాత్రం నోటికి వచ్చేది కాదు. మాటతోనే ఎదిగినదాన్ని. గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఫిజియోథెరపీలో కుర్చీకి మూడు రంగుల తాళ్లు కట్టి, జడలా అల్లమన్నారు. “పాపకి జడ మీరే వేస్తారా?” అని థెరపీ చేయించే అమ్మాయి మామూలుగానే అడిగింది. తల దించుకున్నాను. రెండేళ్లుగా మా పాప తన జడ తనే వేసుకుంటోంది. తాడు నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిచేది కాదు. మూడో పాయ అందుకునేసరికి మొదటిది జారిపోయేది. రెండుసార్లు విసిరికొట్టాను కూడా. పంతానికి లొంగే చెయ్యి కాదది. ఇవాళ రాలేదు, రేపు మళ్లీ కూర్చుంటాను అనుకోవడం నేర్చుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లలో నన్ను నేను నమ్ముకున్నానంటే అది ఆ కుర్చీ ముందే.

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి స్ట్రోక్ ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పాయి. కోలుకుంటున్నప్పుడు చదివాను. నావి 70కి తగ్గేవి కావు.

ఇప్పుడు సగం పూటే పని. నా సీట్లో వేరొకరున్నారు. బాధ లేదంటే అబద్ధమే, వాళ్ల విజయాల మెయిల్ వచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. బీపీ మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

నాలుగో నెలలో పాపకి మొదటి జడ వేశాను. “అమ్మా, వదులుగా ఉంది” అంది. విప్పి మళ్లీ వేశాను. ఇప్పుడు రెండు జడలు కావాలంటోంది. రెండోది సగానికి వచ్చేసరికి నా చెయ్యి వణుకుతుంది. ఆగుతాను. తను కదలకుండా కూర్చుంటుంది.